ఒకే తోట, మూడు చట్టాలు: ఒక పంపకాల దావాలో అక్క వాటా

ఆరెకరాల మెరక. అంతా కొబ్బరి తోట, ఒక మూల పాత మండువా ఇల్లు. కోనసీమలో ఇలాంటి ఆస్తి మీద పంపకాల దావా వేయడం వింతేమీ కాదు, మా కోర్టు కాజ్ లిస్టులో ఇలాంటివి రోజూ కనిపిస్తూనే ఉంటాయి. ఈ కేసు గురించి రాయడానికి కారణం వేరే ఉంది. ఇందులో మా క్లయింటు, అంటే ఆ ఇంటి పెద్దమ్మాయి, వాటా ఒక డిక్రీలో 30 సెంట్లు, తర్వాత దాంట్లో ఎకరం 44 సెంట్లు, అప్పీల్లో మళ్ళీ 30 సెంట్లు, హైకోర్టులో మళ్ళీ ఎకరం 44. భూమి అంగుళం పెరగలేదు, తరగలేదు. ఆవిడ కొత్తగా చేసిందీ ఏమీ లేదు. మారిందల్లా చట్టం, ఆ తర్వాత ఆ చట్టానికి సుప్రీంకోర్టు చెప్పిన అర్థం. క్లయింటును అడిగి, ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు, ఊరు వదిలేశాను. వాళ్ళని అక్క, చెల్లెలు, పెద్దన్నయ్య, చిన్నన్నయ్య అనే అంటాను.

ముందు కుటుంబం సంగతి. తండ్రి, తల్లి, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. ఆస్తి తాతది, ఆయన 1950కి ముందే పోయాడు కాబట్టి ఇది పిత్రార్జితమన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. (ఈ పాయింటు దగ్గర చాలామంది పప్పులో కాలేస్తుంటారు. 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక తండ్రి నుంచి 8వ సెక్షన్ కింద వచ్చిన ఆస్తి కొడుక్కి సొంత ఆస్తి అవుతుంది, దానికి ఈ లెక్కలేవీ వర్తించవు. జూనియర్లు దావా రాసేముందు తాత ఎప్పుడు పోయాడో అడగాలి.) అక్క పెళ్ళి 1985 వేసవిలో. చెల్లెలి పెళ్ళి 1989లో. తండ్రి వీలునామా ఏమీ రాయకుండా 1998లో పోయారు, 96 తుఫానుకి తోట సగానికి సగం నేలకొరిగిన రెండేళ్ళకి. 2002లో చెల్లెలు దావా వేసింది. తల్లి, అన్నలు, అక్క ప్రతివాదులు. అక్క కోర్టుకి రాలేదు, ఎక్స్ పార్టీ అయింది. ఎందుకు రాలేదని తర్వాత నేనడిగితే, "వచ్చి ఏం చేస్తానండీ, నాకు లేదని అప్పుడే చెప్పేశారు కదా" అంది. చెప్పింది ఎవరో లాయరు కాదు, అన్నయ్యలే. అయితే వాళ్ళు చెప్పిందాంట్లో అప్పటికి చాలావరకు నిజముంది.

అదెలాగో చూద్దాం. 1956 చట్టం మాత్రమే ఉన్నట్టయితే, తండ్రి పోయిన రోజున తండ్రికీ ఇద్దరు కొడుకులకీ పంపకం జరిగినట్టు ఊహించుకోవాలి. మన ఆంధ్రలో, పాత మద్రాసు పద్ధతి ప్రకారం, తండ్రీ కొడుకులు పంచుకునేటప్పుడు తల్లికి విడిగా వాటా ఇవ్వరు. కాబట్టి ముగ్గురికీ మూడో వంతు చొప్పున. తండ్రి మూడో వంతును మళ్ళీ తల్లి, నలుగురు పిల్లలు, మొత్తం ఐదుగురు పంచుకుంటారు. కూతురికి పదిహేనో వంతు, అంటే ఆరెకరాల్లో 40 సెంట్లు. కొడుక్కి రెండెకరాల 40. తల్లికి 40 సెంట్లు. 1951లో హిందూ కోడ్ బిల్లు ముందుకు కదలక అంబేద్కర్ మంత్రి పదవికి రాజీనామా చేశాక, దాన్ని ముక్కలు చేసి నెమ్మదిగా పాస్ చేస్తే మిగిలిన రాజీ ఇది. ఇప్పుడు మా జిల్లా పేరులోనే ఆయనున్నాడు. ఆ జిల్లాలోనే ఈ లెక్క కోసం ఇన్నేళ్ళు కొట్టుకున్నాం, అది వేరే సంగతి.

తర్వాత 1985. ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చింది. 1986లో 13వ నంబరు చట్టంగా వచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. 29-ఎ సెక్షన్ పెట్టి, కూతురు కూడా కొడుకులాగే పుట్టుకతో కోపార్సెనర్, అంటే ఉమ్మడి ఆస్తిలో వాటాదారు, అంది. దేశంలో కూతుళ్ళని ఇలా కోపార్సెనర్లుగా చేసిన మొదటి రాష్ట్రం మనదే. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఆ దారి పట్టాయి. కేరళది వేరే దారి, 1976 నుంచి ఉమ్మడి కుటుంబ పద్ధతినే రద్దు చేసుకుంది.

అయితే 29-ఎలో రెండు మినహాయింపులు ఉన్నాయి. సవరణ అమల్లోకి రాకముందే పెళ్ళయిన కూతురికి వర్తించదు, అంతకుముందే జరిగిపోయిన పంపకాన్ని కదపదు. మా అక్క పెళ్ళి 1985 వేసవిలో. సెప్టెంబరు 5కి నాలుగైదు నెలల ముందు. అంతే. చెల్లెలు కోపార్సెనర్, అక్క కాదు. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే ఇల్లు. ఈ సంగతి విడమరిచి చెప్పినప్పుడు ఆవిడ అన్నమాట ఇంకా గుర్తుంది: "అంటే మా నాన్న ముహూర్తం కార్తీకమాసంలో పెట్టించుంటే నాకూ వాటా ఉండేదన్నమాటేగా అండీ?" అవునన్నాను. ఇంకేం అంటాం.

ఇక్కడ ఎవరూ పెద్దగా గమనించని విషయం ఒకటుంది. 29-ఎ అక్కకి ఏమీ ఇవ్వకుండా వదిలేసిందని అందరూ అనుకుంటారు, నిజానికి ఉన్నదాంట్లోంచి కొంత తీసేసింది కూడా. లెక్క చూడండి. ఇప్పుడు ఊహించుకునే పంపకంలో తండ్రి, ఇద్దరు కొడుకులు, చెల్లెలు, నలుగురు. తండ్రికి నాలుగో వంతు. దాన్ని ఐదుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి ఇరవయ్యో వంతు. అక్కకి 40 సెంట్లు కాస్తా 30 సెంట్లయ్యాయి. తల్లికీ అంతే. చెల్లెలికి ఎకరం 80. కొత్త మనిషి వరసలోకి వస్తే తండ్రి వాటా చిక్కిపోతుంది, ఆ వాటా మీదే ఆధారపడినవాళ్ళు నష్టపోతారు. సవరణ ఎవరికి మేలు చేసిందో పేపర్లు రాస్తాయి. ఎవరి వాటాలోంచి తీసి చేసిందో కాయితం మీద భిన్నాలు వేసుకుంటే గానీ కనపడదు. 2004లో వచ్చిన ప్రిలిమినరీ డిక్రీ (వాటాలు తేల్చే తొలి డిక్రీ) సరిగ్గా ఈ లెక్కే: చెల్లెలికీ, అన్నలకీ 6/20 చొప్పున, తల్లికి 1/20, అక్కకి 1/20.

రాష్ట్ర అసెంబ్లీ పార్లమెంటు చేసిన చట్టాన్ని ఎలా మార్చింది అని నన్ను చాలామంది అడుగుతారు, లా చదువుకున్నవాళ్ళు కూడా. వారసత్వం, ఉమ్మడి కుటుంబం, పంపకాలు రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో ఉమ్మడి జాబితాలో 5వ అంశం. ఇద్దరూ చట్టం చేయొచ్చు. పొసగకపోతే పార్లమెంటు మాటే చెల్లుతుంది, కానీ 254(2) అధికరణ కింద రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుంటే ఆ రాష్ట్రం వరకు రాష్ట్ర చట్టం నిలబడుతుంది. 29-ఎ అలా నిలబడింది. అదే అధికరణలో ఒక మెలిక కూడా ఉంది: పార్లమెంటు తర్వాత ఎప్పుడైనా అదే విషయం మీద కొత్త చట్టం చేసుకోవచ్చు. రాజ్యాంగాన్నే మార్చాలంటే 368వ అధికరణ, హాజరైనవాళ్ళలో మూడింట రెండొంతుల ఓట్లు, సభ మొత్తం బలంలో సగానికి పైగా, కొన్ని విషయాలకైతే సగం రాష్ట్రాల అసెంబ్లీల ఆమోదం కూడా. మామూలు చట్టం మార్చడానికి ఇవేమీ అక్కర్లేదు, మామూలు మెజారిటీ చాలు. అయినా అక్క విషయంలో ఆ మామూలు మెజారిటీ పని జరగడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

2000లో లా కమిషన్ 174వ నివేదికలో సిఫార్సు చేసింది. 2004 డిసెంబరు 20న బిల్లు రాజ్యసభలో పెట్టారు. 2005లో 39వ నంబరు చట్టమైంది, సెప్టెంబరు 9 నుంచి అమలు. కొత్త 6వ సెక్షన్‌లో కూతురికి కొడుకుతో సమాన హక్కు. పెళ్ళయిందా లేదా, ఎప్పుడయింది అన్న ప్రశ్నే లేదు. 2004 డిసెంబరు 20కి ముందే జరిగిన అమ్మకాలు, పంపకాలు మాత్రం కదపరు. మగవారసులు పంచుకునేదాకా ఆడవాళ్ళు నివాసపు ఇల్లు పంచమని అడక్కూడదన్న 23వ సెక్షన్ కూడా ఎగిరిపోయింది. ఆ మండువా ఇల్లు పంపకంలోకి వచ్చింది అందువల్లే.

అక్క నా దగ్గరికి వచ్చింది 2012లో. అప్పటికి అన్నల మొదటి అప్పీలు పోయింది, చెల్లెలు ఫైనల్ డిక్రీ పిటిషన్ వేసుకుని కూర్చుంది. 2004 డిక్రీ అయిపోయింది కదా, ఇంకేముంది అని నా తోటి లాయర్లు కూడా అన్నారు. కానీ పంపకాల దావాలో ప్రిలిమినరీ డిక్రీ వాటాలు మాత్రమే చెబుతుంది, భూమి కొలిచి హద్దులు వేసి ఫైనల్ డిక్రీ ఇచ్చేదాకా దావా బతికే ఉంటుంది. మధ్యలో ఎవరైనా పోతే, చట్టం మారితే, ఇంకో ప్రిలిమినరీ డిక్రీ ఇవ్వొచ్చు. 1967లో ఫూల్‌చంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. 1991లో మన రాష్ట్రం నుంచే వెళ్ళిన సాయిరెడ్డి కేసులో 29-ఎ విషయంలోనే ఈ సూత్రాన్ని వాడింది. 2011 అక్టోబరులో గండూరి కోటేశ్వరమ్మ కేసులో, అదీ మనదే, 2005 సవరణకి కూడా అంతే అంది. ఆ తీర్పు చూసే ఐఏ, అంటే అదే దావాలో మధ్యంతర దరఖాస్తు, వేశాను.

వేసిన వెంటనే ఎదురుదెబ్బ ఎక్కడినుంచి వచ్చిందంటే, చెల్లెలి దగ్గర్నుంచి. అన్నలు కౌంటరు (రాతపూర్వక అభ్యంతరం) వేస్తారని తెలుసు, చెల్లెలూ వేసింది. లెక్క చూస్తే ఆవిడ బాధ అర్థమవుతుంది: అక్క కూడా కోపార్సెనర్ అయితే వరసలో ఐదుగురు, తండ్రికి ఐదో వంతు, దాన్ని ఐదుగురు పంచుకుంటే ఇరవై అయిదో వంతు. పిల్లలు నలుగురికీ 6/25, తల్లికి 1/25. చెల్లెలి ఎకరం 80 కాస్తా ఎకరం 44 అవుతుంది. దావా వేసి, కోర్టు ఫీజు కట్టి, అన్నలతో మాటలు పోగొట్టుకుని గెలుచుకున్న దాంట్లో 36 సెంట్లు, ఇన్నాళ్ళూ గడప దాటి రాని అక్కకి పోతున్నాయి. కోర్టు వరండాలో ఆవిడ అక్కతో, "నువ్వెప్పుడైనా ఒక్క వాయిదాకి వచ్చావే?" అని గట్టిగానే అంది. నేను పక్కకి తప్పుకున్నాను. అలాంటప్పుడు లాయరు మాట్లాడకూడదు.

తల్లి సంగతి చూడండి. 40, 30, ఇప్పుడు 24 సెంట్లు. ఆడవాళ్ళ కోసం వచ్చిన ప్రతి సవరణా ఆ ఇంట్లో ఒక ఆడమనిషి వాటా తగ్గించింది. కూతుళ్ళకి ఇవ్వకూడదని నేననడం లేదు, ఇవ్వాలి. కానీ 1937 నాటి హిందూ స్త్రీల ఆస్తి హక్కుల చట్టం కింద విధవరాలికి భర్త వాటా మీద, అమ్ముకునే హక్కు లేకపోయినా, బతికున్నంతకాలం అనుభవించే హక్కు ఉండేది. ఇప్పుడు మన ప్రాంతంలో ఆవిడకి పూర్తి హక్కుతో దక్కేది చిన్న ముక్క. సవరణలు రాసేవాళ్ళు తల్లి పేరు మర్చిపోయారనే నా అభిప్రాయం. ఈ తల్లి మాత్రం ఎవరినీ మర్చిపోలేదు. 2006లో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్ళి, తనకు వచ్చే వాటా యావత్తూ పెద్దకూతురికి చెందాలని వీలునామా రిజిస్టరు చేయించింది. కారణం కూడా అందులోనే రాయించింది, "తక్కినవారికి చట్టప్రకారం సరిపడా వచ్చినందున" అని.

అన్నల అసలు పాయింటు 1983లో నోటిమాటగా పంపకాలైపోయాయని. అదే నిజమైతే 1985 చట్టమూ, 2005 చట్టమూ రెండూ తేలిపోతాయి. మొదటి దావాలోనే ఇది ఓడిపోయింది, అయినా మా ఐఏలో మళ్ళీ ఎత్తారు. నేను కొత్త సాక్ష్యమేమీ వెతకలేదు, వాళ్ళు పెట్టిన కాయితాలే మళ్ళీ చూశాను. నీటి తీరువా రసీదుల కట్ట ఒకటి, సన్న దారంతో కట్టినది, అంచులు చెదలు తిన్నాయి. 1984 నుంచి 1997 దాకా ప్రతి రసీదు మీదా తండ్రి పేరే, ఆరెకరాలకీ కలిపి. పైగా 1991లో సొసైటీ అప్పు కోసం పెట్టిన తనఖా కాయితంలో తండ్రి మొత్తం ఆరెకరాలకీ కుటుంబ యజమానిగా సంతకం పెట్టారు, పక్కన పెద్దన్నయ్య సాక్షి సంతకం. ఎనిమిదేళ్ళ క్రితమే పంచుకున్న భూమికి కొడుకు సాక్షి సంతకం ఎందుకు పెట్టాడో క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆయన చెప్పలేకపోయాడు. అక్కకి పెళ్ళిలో పసుపు కుంకుమ కింద అరెకరం ఇచ్చామని కూడా అన్నారు. దస్తావేజు అడిగితే లేదు.

2014లో మా ఐఏ గెలిచింది. రెండో ప్రిలిమినరీ డిక్రీ, అక్కకి 6/25. అన్నలు అప్పీలుకి వెళ్ళారు. అది వాదనకి రాకముందే 2015 అక్టోబరు 16న ప్రకాశ్ వర్సెస్ ఫూలావతి తీర్పు వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రీ, కూతురూ ఇద్దరూ బతికుంటేనే కూతురికి ఈ హక్కు అని. మా కేసులో తండ్రి 1998లోనే పోయాడు. ఆ సాయంత్రం తీర్పు చదివాక టెన్షన్ కాదు గానీ నీరసం వచ్చింది, ఎందుకంటే చట్టంలో అలాంటి మాట ఒక్కటి లేదు, అయినా సుప్రీంకోర్టు చెప్పాక కింది కోర్టు చేయగలిగేది లేదు. 2016లో అప్పీలు అన్నల వైపు పోయింది. అక్క మళ్ళీ 30 సెంట్లకి వచ్చింది. హైకోర్టులో సెకండ్ అప్పీలు వేశాం. 2017లో తల్లి పోయింది.

2018 ఫిబ్రవరి 1న దనమ్మ కేసు. అక్కడ తండ్రి 2001లోనే పోయాడు, అయినా కూతుళ్ళకి వాటా ఇచ్చారు. రెండూ ఇద్దరేసి జడ్జీల తీర్పులే, ఒకదానికొకటి పొసగవు. మా వాదనా బతికింది, వాళ్ళ వాదనా బతికింది. ఆ రెండేళ్ళూ దేశంలో ఇలాంటి కేసులన్నీ ఎవరి జడ్జి ఏ తీర్పు నమ్మితే అటు పోయాయి. ఈలోగా 2019 జనవరి 1 నుంచి మన హైకోర్టు అమరావతికి వచ్చింది, మా కట్టలూ హైదరాబాదు నుంచి అక్కడికి చేరాయి.

2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల బెంచి సందేహం తీర్చేసింది. కూతురి హక్కు పుట్టుకతో వచ్చేది, తండ్రి 2005 నాటికి బతికి ఉన్నాడా లేడా అన్నదాంతో పని లేదు, ఫూలావతి తప్పు. నోటిమాట పంపకాల వాదనని ఊరికే ఒప్పుకోకూడదని, ప్రభుత్వ రికార్డుల లాంటి గట్టి ఆధారం ఉండాలని కూడా అంది. ఆ ముగ్గురిలో ఒకరైన జస్టిస్ అబ్దుల్ నజీర్ తర్వాత మన రాష్ట్రానికే గవర్నరుగా వచ్చారు.

హైకోర్టులో అన్నల తరఫు సీనియర్ చివరి ప్రయత్నంగా 300-ఎ అధికరణ ఎత్తారు: 1998లోనే మా క్లయింట్లకి దఖలు పడిన ఆస్తిని తర్వాతి సవరణ లాగేసుకుంటే రాజ్యాంగం ఒప్పుకుంటుందా అని. మంచి వాదనే, ఆయన బాగా చెప్పారు కూడా. కానీ 300-ఎ పుట్టిందే ఒక సవరణలోంచి. మొదట్లో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కు, 19(1)(ఎఫ్), 31 అధికరణల్లో ఉండేది. 44వ సవరణ 1979 జూన్ 20 నుంచి దాన్ని అక్కడినుంచి తీసేసి 300-ఎ కింద మామూలు రాజ్యాంగ హక్కు చేసింది: చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తీ తీసుకోకూడదు అని. 2005 సవరణ పార్లమెంటు చేసిన చట్టమే కదా. పైగా కాపాడాల్సిన పాత లావాదేవీలేవో అందులోనే తేదీ వేసి మరీ చెప్పారు, అన్నలకి ఆ తేదీలోపు రిజిస్టరైన కాయితం లేదు. 2021లో సెకండ్ అప్పీలు మాకు అనుకూలంగా వచ్చింది. తల్లి వీలునామా కూడా సాక్షిని విచారించి రుజువు చేశాం కాబట్టి, ఆవిడ 24 సెంట్లూ కలిసి అక్కకి ఎకరం 68 సెంట్లు. మిగతా ముగ్గురికీ ఎకరం 44 చొప్పున.

నా ఆఫీసులో జూనియర్లకి ఇప్పుడు ఒక పని అలవాటు చేశాను. వారసత్వం కేసు వస్తే చట్టం పుస్తకం తీయకముందే ఒక కాయితం మీద ఇంట్లోవాళ్ళ చావులు, పెళ్ళిళ్ళు, పంపకాల తేదీలన్నీ రాయాలి. దాని పక్కన 1956 జూన్ 17, 1985 సెప్టెంబరు 5, 2004 డిసెంబరు 20, 2005 సెప్టెంబరు 9. అప్పుడు చూడాలి ఎవరు ఏ గీతకి ఇటున్నారో, అటున్నారో. సవరణ చట్టంలో అందరూ మొదటి వాక్యం చదువుతారు. కేసు మాత్రం "అయితే" అని మొదలయ్యే మినహాయింపులోనూ, అమలు తేదీలోనూ ఉంటుంది.

ఫైనల్ డిక్రీ పని మాత్రం నేల మీద. అడ్వకేట్ కమిషనరు సర్వేయరుతో వచ్చి గొలుసు లాగాడు. ఆరెకరాలూ ఒకటే అని కాయితం మీద అనుకుంటాం, అక్కడికెళ్తే రోడ్డు వైపు ఎకరానికీ, వెనక బోదె వైపు ఎకరానికీ ధరలో పొంతనే లేదు. 96 తుఫాను తర్వాత మొక్కలు వేసి పెంచింది అన్నలే కదా, ఆ భాగం వాళ్ళకే రావాలని అడిగారు. అది న్యాయమే, మేమూ అడ్డు చెప్పలేదు, వాళ్ళు పెంచిన చెట్లున్న ముక్కలే వాళ్ళకి వేశారు. దింపు ఆదాయం లెక్కలు, అంటే ఇన్నేళ్ళూ అన్నలు తిన్న ఫలసాయంలో అక్కచెల్లెళ్ళ వాటా, అంబాజీపేట మార్కెట్ ధరలు పెట్టి విడిగా తేలుస్తున్నారు. తెల్లదోమ పట్టిన ఏళ్ళకి ఎంత తగ్గించాలన్న దాని మీద ఇంకా వాదన నడుస్తోంది.

అక్కకి వచ్చింది వెనక ముక్క, బోదె పక్కన. రోడ్డెక్కాలంటే చెల్లెలి ముక్కలోంచి నడవాలి. చెల్లెలు కంచె వేసింది. కాబట్టి ఇప్పుడు మేము వాదిస్తున్నది 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 13వ సెక్షన్ మీద, పంపకం వల్ల దారి మూసుకుపోతే అవసరం కొద్దీ పుట్టే దారి హక్కు గురించి. చెల్లెలి కౌంటరు కోసం వాయిదా పడింది.